25 మెగావాట్ల లోపు: ఒక నిర్వచనానికి వ్యాఖ్య

చిన్న జలవిద్యుత్తు గురించి మన దేశంలో ఎవరు ఏ నివేదిక రాసినా దాని సారం ఒక్క వాక్యంలోకి వస్తుంది: "పారే నీటి మీద, దొరికిన హెడ్‌ను వాడుకుని, 25 మెగావాట్ల వరకు స్థాపిత సామర్థ్యంతో నడిచే కేంద్రం చిన్న జలవిద్యుత్ కేంద్రం, అది పునరుత్పాదక ఇంధన వనరు." చదివితే సాఫీగా ఉంటుంది. కానీ ఈ వాక్యంలో చెప్పినదెంతో చెప్పకుండా వదిలేసినదీ అంతే. అందుకే మాట మాట దగ్గరా ఆగి చూడాలి.

పారే నీటి మీద: నెలల తరబడి నీటిని నిలవబెట్టే జలాశయం ఇక్కడ ఉండదని అర్థం. వాగుకు అడ్డంగా తక్కువ ఎత్తు కట్ట వేసి, నీటిని పక్కకు మళ్లిస్తారు. ముందుగా ఆ నీరు ఇసుక దిగే తొట్టిలోకి వెళుతుంది. కొండవాగు వానాకాలంలో మోసుకొచ్చే గట్టి ఇసుక రేణువులు టర్బైను రెక్కలను అరగదీస్తాయి. హిమాలయ ప్రాంతపు కేంద్రాలకు ఇదే పెద్ద బెడద. తేరిన నీరు కొండవాలు వెంట కొద్దిపాటి వాటంతో తీసిన కాలువలో సాగి, ఫోర్‌బే అనే చిన్న తొట్టికి చేరుతుంది. అక్కడి నుంచి పెన్‌స్టాక్ గొట్టంలో ఒక్కసారిగా కిందికి దూకి, టర్బైనును తిప్పి, టెయిల్‌రేస్ కాలువ గుండా మళ్లీ వాగులో కలుస్తుంది.

నీరు ఒక్క చుక్క కూడా ఖర్చు కాదని నివేదికలు చెప్పేది నిజమే. అయితే కట్ట దగ్గర వాగును వదిలిన నీరు టెయిల్‌రేస్ దగ్గరే తిరిగి వస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న వాగు సంగతేమిటి? కొన్నిచోట్ల అది కిలోమీటర్ల పొడవుంటుంది. వేసవిలో ఉన్న కాస్త నీటినీ కాలువే తీసుకుపోతే అక్కడ రాళ్లు తేలతాయి. చేపలు పైకి ఎక్కలేవు, పశువులకు నీళ్లు ఉండవు, ఒడ్డునున్న చిన్న మడులకు తడి అందదు. ముంపు లేదని గట్టిగా రాసే నివేదికలో ఈ ఎండిపోవడం గురించి కూడా అంతే గట్టిగా ఉండాలి. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం ఎద్దడి కాలపు ప్రవాహంలో కనీసం 15 శాతం వాగులోనే వదలాలని నిబంధన పెట్టింది. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశంలోని నదులన్నిటికీ ఎద్దడి కాలపు సగటు ప్రవాహంలో 15 నుంచి 20 శాతం ఉండాలని చెప్పింది. కాగితం మీది శాతం వాగులో నీరై కనిపించాలంటే కట్ట దగ్గర కొలత ఉండాలి, ఆ కొలత దారిన పోయేవాళ్లకు కూడా కనబడాలి.

దొరికిన హెడ్‌ను: పై నీటిమట్టానికీ కింది నీటిమట్టానికీ ఉన్న తేడా హెడ్. విద్యుత్తు లెక్క చాలా సులువు. సెకనుకు వచ్చే ఘనపు మీటర్ల నీటిని మీటర్లలో హెడ్‌తో హెచ్చవేసి, దాన్ని 9.81తో, తర్వాత యంత్రాల దక్షతతో హెచ్చవేస్తే కిలోవాట్లు వస్తాయి. దక్షత 80 శాతం అనుకుందాం. 100 మీటర్ల హెడ్ ఉంటే 100 కిలోవాట్లకు సెకనుకు సుమారు 127 లీటర్లు, అంటే నాలుగున్నర క్యూసెక్కులు చాలు. హెడ్ 3 మీటర్లే అయితే అదే 100 కిలోవాట్లకు 150 క్యూసెక్కులు కావాలి. మొదటిది కొండవాగు లెక్క, రెండోది పంటకాలువ లెక్క. టర్బైన్లూ అలాగే మారతాయి. ఎత్తయిన చోట పెల్టన్, మధ్యస్థంగా ఉంటే ఫ్రాన్సిస్, నీరు ఎక్కువై హెడ్ తక్కువైతే కప్లాన్ రకం.

ఈ రెండో లెక్క మన తెలుగువాళ్లకు బాగా దగ్గరిది. కాలువ తవ్వేటప్పుడు నేల వాలు మరీ ఎక్కువైతే నీరు గట్లను కోసేయకుండా మధ్యమధ్య డ్రాపులు కడతారు. అక్కడ నీరు రెండు మూడు మీటర్లు పడి, నురగలై, తన శక్తినంతా వృథా చేసుకుంటుంది. ఆ శక్తిని చంపడానికే దిగువన రాతికట్టడం కడతాం. అక్కడ టర్బైను పెడితే కొత్త కట్ట అక్కర్లేదు, అడవి కొట్టక్కర్లేదు, ఏ వాగూ ఎండదు. గోదావరి డెల్టా కాలువ మీద చెట్టిపేటలో 500 కిలోవాట్ల యంత్రాలు రెండు అలా పెట్టినవే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ దారిలో పాలేరు దగ్గర 2 మెగావాట్ల కేంద్రం, శ్రీరామ్‌సాగర్ కాకతీయ కాలువ డ్రాపుల మీద పెద్దపల్లి వైపు కట్టిన మినీ హైడల్ కేంద్రాలు ఇదే కోవలోవి. నిజాంసాగర్ జలాశయం నుంచి వదిలే నీటి మీద 10 మెగావాట్లున్నాయి.

ఇబ్బంది లేకపోలేదు. కాలువ సాగు కోసం నడుస్తుంది, కరెంటు కోసం కాదు. వేసవిలో కాలువ కట్టేస్తే యంత్రం ఆగాల్సిందే. యంత్రాన్ని తప్పించి నీటిని వదిలే పక్కగేట్లు సరిగా లేకపోతే టర్బైను మరమ్మతుకు ఆగినప్పుడు దిగువ రైతుకు నీళ్లు తగ్గుతాయి. కాబట్టి నీటిపారుదల శాఖ, విద్యుత్ సంస్థ ఒకే పట్టిక మీద పనిచెయ్యాలి. ఇంత ఉన్నా నా దృష్టిలో చిన్న జలవిద్యుత్తులో అన్నిటికంటే నిర్దోషమైనది డ్రాపు మీది యూనిట్టే.

25 మెగావాట్ల వరకు: ఈ అంకె ప్రకృతిలో లేదు, పరిపాలనలో ఉంది. చైనాలో చిన్నదంటే 50 మెగావాట్ల వరకు, ఐరోపాలో ఎక్కువగా 10 వరకు. మన దగ్గర 1999లో 25 మెగావాట్ల దాకా ఉన్న కేంద్రాలను సంప్రదాయేతర ఇంధన శాఖ కిందికి తెచ్చారు. 100 కిలోవాట్ల లోపు మైక్రో, 2 మెగావాట్ల దాకా మినీ. 2006 పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం 25 మెగావాట్లకు తక్కువైన జలవిద్యుత్తుకు పర్యావరణ అనుమతి అవసరం లేదు. అటవీ భూమి కావాలంటే మాత్రం అటవీ చట్టం వర్తిస్తుంది.

ఇక్కడే మెలిక ఉంది. 24 మెగావాట్ల కేంద్రం ఒక వాగు మీద ఒక్కటే ఉంటే ఒక మాట. అదే వాగు మీద ఒకదాని టెయిల్‌రేస్ నీటినే మరొకటి అందుకుంటూ అయిదు కేంద్రాలు వరసగా వస్తే? ఒక్కొక్కటీ కాగితం మీద చిన్నదే. వాగు మొత్తం గొట్టాల్లోకి పోతుంది. అంకె యంత్రం పరిమాణాన్ని కొలుస్తుంది, వాగుకు కలిగే నష్టాన్ని కాదు. అనుమతి ఇవ్వాల్సింది కేంద్రాన్ని చూసి కాదు, పరీవాహక ప్రాంతం మొత్తాన్నీ చూసి.

స్థాపిత సామర్థ్యంతో: యంత్రాలు పూర్తి ప్రవాహంలో ఇవ్వగల గరిష్ఠ శక్తి. 1 మెగావాట్ ఏడాదంతా ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు. వాన నెలల్లోనే నీరుండే వాగు మీద అందులో 40 శాతం వచ్చినా బాగానే వచ్చినట్టు. దేశంలో గుర్తించిన చిన్న జలవిద్యుత్ అవకాశం సుమారు 21,000 మెగావాట్లు, కట్టినది అందులో నాలుగో వంతు దరిదాపుల్లో. ఈ అంకెలన్నీ స్థాపిత సామర్థ్యానివే.

నడిచే కేంద్రం: నడిపేదెవరన్నది నిర్వచనంలో లేదు. దేశంలో జలవిద్యుత్తు మొదలైందే చిన్నదిగా. 1897లో డార్జిలింగ్ దగ్గర సిద్రాపోంగ్‌లో 130 కిలోవాట్ల కేంద్రం ఆ పట్టణానికి దీపాలిచ్చింది. ఈ రకం పని ఊళ్ల చేతుల్లో ఎలా సాగుతుందో చూడాలంటే నేపాల్ వైపు చూడాలి. అక్కడ 1 మెగావాట్ లోపు జలవిద్యుత్తుకు లైసెన్సు అక్కర్లేదని 1992 విద్యుత్ చట్టం చెప్పింది. గ్రిడ్ అందని కొండ ఊళ్లు సొంత కమిటీలతో మైక్రో కేంద్రాలు నడుపుకున్నాయి. రాత్రి దీపాలన్నీ ఆర్పేస్తే యంత్రం వేగం పెరిగి పాడవుతుంది. దానికి లోడ్ కంట్రోలర్ అనే సాధనం మిగులు కరెంటును నీళ్లలో ముంచిన హీటర్లలోకి పంపి వేగాన్ని నిలబెడుతుంది. పగలు పిండిమర, రాత్రి దీపాలు ఉంటేనే ఇలాంటి కేంద్రం తన ఖర్చు తాను పెట్టుకోగలదు. తర్వాత గ్రిడ్ తీగలు వచ్చాక చాలా కేంద్రాలు మూలపడ్డాయి. 2018లో స్యౌరేభూమి అనే 23 కిలోవాట్ల కేంద్రాన్ని గ్రిడ్‌కు కలిపి, ఊరివాళ్లు కరెంటు అమ్ముకునే దారి తెరిచారు. మన ఏజెన్సీలో గెడ్డల (కొండవాగుల) మీద కట్టబోయే వాటికి ఈ ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

పునరుత్పాదక ఇంధన వనరు: వాన పడినంతకాలం నీరు తిరిగి వస్తుంది కాబట్టి ఈ పేరు. 2019లో కేంద్ర ప్రభుత్వం పెద్ద జలవిద్యుత్తును కూడా ఇందులో చేర్చింది. నీరు తిరిగొస్తుంది గాని, వచ్చే తీరు మారుతోంది. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలకు ఎన్నో చిన్న కేంద్రాలు దెబ్బతిన్నాయి. పాత ప్రవాహ లెక్కలతో వేసిన డిజైను ఇక చాలదు.

ఇక ఊరివాళ్ల మాటకొస్తే, మన ఏజెన్సీ వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. మీ ఊరి గెడ్డ మీద ప్రాజెక్టు వస్తుందంటే ఆ నివేదికను గ్రామసభలో తెలుగులో చదివించండి. వేసవిలో వాగులో ఎంత నీరు వదులుతారు, కరెంటులో ఊరికెంత అని అడగండి. రెంటికీ రాతలో జవాబు వచ్చాకే తీర్మానం మీద సంతకం పెట్టండి.