పారిస్‌లో చవక హాస్టళ్ళు: మంచం బుక్ చేసే ముందు, దిగిన తర్వాత

పారిస్‌లో చదువుకుంటున్న పిల్లల్ని చూసొద్దామని బయల్దేరే మన కుటుంబాలు మొదట తడబడేది హోటల్ ధరల దగ్గర. అప్పుడు ఎవరో ఒకరు హాస్టల్ తీసుకోండి, సగం ఖర్చుతో పోతుంది అంటారు. కొందరి విషయంలో అది నిజమే, కొందరి విషయంలో కాదు. ఆ తేడా ఎక్కడుందో ముందే తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, పరాయి ఊళ్ళో అర్ధరాత్రి అవస్థా తప్పుతుంది.

మన దగ్గర హాస్టల్ అంటే చదువుకునేవాళ్ళు ఏడాది పొడుగునా ఉండే చోటు. యూరప్‌లో అది బాటసారుల సత్రం లాంటిది. గదిలో నాలుగు, ఆరు, ఎనిమిది అంతస్తుల మంచాలు వేసి, మంచానికింతని అద్దె తీసుకుంటారు. 1912లో జర్మనీలోని ఆల్టెనా కోటలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు కాలినడకన తిరిగే పిల్లల కోసం తెరిచిన వసతితో ఈ పద్ధతి కుదురుకుంది. ఫ్రాన్సులో మొదటిదాన్ని 1929లో మార్క్ సాంగ్నియే ప్రారంభించాడు. ఇప్పటి పారిస్ హాస్టళ్ళు చాలావరకు కింద బారు, కాఫీ హోటలు, పైన గదులుగా ఉండే పెద్ద వ్యాపారాలు. శుక్ర, శనివారాల్లో కింది అంతస్తులో పాటలు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి.

ఎవరికి సరిపోతుంది

ఒంటరిగా వెళ్ళే కుర్రాడికి, ఇద్దరు స్నేహితురాళ్ళకు హాస్టల్ బాగా సరిపోతుంది. ఆడవాళ్ళకు విడిగా డార్మిటరీ ఉన్న చోట్లు చాలా ఉన్నాయి, కానీ బుక్ చేసేటప్పుడు ఆ గదినే ఎంచుకోవాలి. ఏమీ చూడకుండా అన్నింటికన్నా చవక మంచం నొక్కితే అది ఆడా మగా కలిసి ఉండే గది అయ్యే అవకాశమే ఎక్కువ. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల్ని ఉమ్మడి గదుల్లోకి చాలాచోట్ల రానివ్వరు. కొన్ని చోట్ల పెద్దవాళ్ళకూ వయసు పరిమితి ఉంటుంది.

అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు కలిసి వెళ్తుంటే లెక్క మారుతుంది. సీజన్‌ను బట్టి మంచం 30 నుంచి 60 యూరోల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. నలుగురికీ కలిపి చూస్తే హాస్టల్లోనే విడి గదో, వంటగది ఉన్న చిన్న అపార్టుమెంటో దాదాపు అంతకే రావచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను పై మంచానికి నిచ్చెన ఎక్కమనడం కన్నా అదే మేలని మా అభిప్రాయం.

ఏ పేటలో

పారిస్ 20 వార్డులుగా ఉంటుంది. నగరం నడుమ ఒకటితో మొదలై నత్తగుల్ల చుట్టలా బయటికి తిరుగుతాయి. వార్డు నంబరు కన్నా మెట్రో స్టేషన్ ఎంత దగ్గరో చూడండి. గార్ దు నోర్ స్టేషన్ చుట్టుపక్కల హాస్టళ్ళు ఎక్కువ. సెయింట్ క్రిస్టఫర్స్ ఇన్ శాఖ ఒకటి అక్కడే ఉంది, మరొకటి 19వ వార్డులో విల్లెత్ కాలువ ఒడ్డున ఉంది. జెనరేటర్ 10వ వార్డులో కలొనెల్ ఫాబియెన్ దగ్గర ఉంటుంది. ఇంకొంచెం ప్రశాంతంగా కావాలంటే 14వ వార్డులో, గ్లాసియేర్ మెట్రోకు దగ్గరలో ఎఫ్ఐఏపీ జాఁ మొనే ఉంది. విద్యార్థి బృందాలు ఎక్కువగా దిగే చోటది.

గార్ దు నోర్‌కు ఒక పెద్ద సౌకర్యం, షార్ల్ ద గాల్ విమానాశ్రయం నుంచి ఆర్ఈఆర్ బి రైలు నేరుగా వస్తుంది. జేబుదొంగలకూ ఆ సంగతి తెలుసు. పాస్‌పోర్టు లోపలి జేబులో, ఫోను బ్యాగులో ఉంచుకోండి. ఇంకో సౌకర్యం మన పాఠకుల్లో తమిళనాడు వాళ్ళకు బాగా నచ్చుతుంది. స్టేషన్ వెనక లా షపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల దుకాణాలు వరసగా ఉంటాయి. ఇడ్లీ, దోసె, కరివేపాకు, కొబ్బరికాయ అన్నీ దొరుకుతాయి. ఫ్రెంచి రాకపోయినా అక్కడ తమిళంతో పని నడుస్తుంది. పజోల్ వీధిలో వినాయకుడి గుడి కూడా ఉంది.

సూట్‌కేసులతో మెట్రో మెట్లెక్కడం కష్టం. లిఫ్టు సదుపాయం పూర్తిగా ఉన్నది 14వ లైనుకే. 2025 జనవరి నుంచి జోన్ల లెక్క తీసేసి మెట్రో, రైలు టికెట్టు ఒకే ధరకు, 2.50 యూరోలకు ఇచ్చారు. విమానాశ్రయం టికెట్టు మాత్రం 2025లో విడిగా 13 యూరోలు ఉండేది. తర్వాతి మార్పులు బయల్దేరే ముందు చూసుకోండి.

ధరలో కనపడనివి

తెర మీద కనిపించే ధరతో లెక్క అయిపోదు. నగర బస పన్ను తలకు, రాత్రికి ఇంతని చాలాచోట్ల కౌంటర్లో విడిగా కట్టించుకుంటారు. 2024లో దాన్ని బాగా పెంచారు. 18 ఏళ్ళలోపు వాళ్ళకు అది లేదు. తువ్వాలుకు అద్దె, తాళానికి డబ్బు వేరే ఉండొచ్చు. ఇంటి నుంచే ఒక తువ్వాలు, ఒక మంచి తాళం పట్టుకెళ్తే ఆ ఖర్చు తప్పుతుంది.

వంటగది అన్ని చోట్లా ఉండదు. గదిలో రైస్ కుక్కర్ పెడితే పొగ అలారం మోగి భవనమంతా ఖాళీ చేయించాల్సి వస్తుంది, జరిమానా కూడా పడొచ్చు. మాంసం పచ్చళ్ళు, నెయ్యి, పాలకోవా లాంటివి యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. ఆవకాయకు ఆ బాధ లేదు, సీసా మూత గట్టిగా బిగించండి.

వీసాకు బుకింగ్

షెంగెన్ వీసాకు ప్రతి రాత్రికీ వసతి రుజువు కావాలి. బుకింగ్‌లో ప్రయాణించే అందరి పేర్లూ, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒక్కరి పేరు మీద నాలుగు మంచాలు తీసుకుంటే మిగతా ముగ్గురికీ ఇబ్బంది. వీసా రాకపోతే డబ్బు వెనక్కి వచ్చే రకం బుకింగే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా కూడా ఉండాలి. వీసా చేతికొచ్చాక వసతి రద్దు చేసి ఇంకోటి తీసుకుంటే కొత్త కాగితం దగ్గర పెట్టుకోండి, విమానాశ్రయంలో అడగొచ్చు.

యానాం కుటుంబాల్లో కొందరిది వేరే దారి. 1962 ఆగస్టు 16న ఫ్రెంచి పాలన చట్టరీత్యా ముగిశాక ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే వీలు కల్పించారు. అలా కోరుకున్నవాళ్ళ వారసులకు ఫ్రెంచి పాస్‌పోర్టు ఉంటే వీసాతో పనిలేదు. ఆ బంధువుల ఇంట్లో దిగే భారత పౌరుల కోసం వాళ్ళు తమ ఊరి మేయర్ కార్యాలయంలో అతిథి ధ్రువపత్రం తీసుకుని పంపాలి. దానికి 30 యూరోల స్టాంపు. కొన్ని రాత్రులు బంధువులింట, కొన్ని హాస్టల్లో అనుకుంటే రెండు కాగితాలూ జతచేయాలి.

దిగిన రోజు

మన విమానాలు చాలావరకు పొద్దున్నే దిగుతాయి. మంచం మాత్రం మధ్యాహ్నం రెండు, మూడింటికి గానీ ఇవ్వరు. సామాను గదిలో పెట్టుకోనిస్తారా, దానికి డబ్బు ఎంత అని ముందే మెయిల్ రాసి అడగండి.

గదిలోకి వెళ్ళగానే పరుపు అంచులు, కుట్ల దగ్గర ఎత్తి చూడండి. నల్లటి చుక్కలు కనిపిస్తే నల్లులున్నట్టు. 2023లో పారిస్‌లో దీనిమీద పెద్ద గగ్గోలే రేగింది. వెంటనే కౌంటర్‌కు చెప్పి గది మార్పించుకోండి, మొహమాటపడొద్దు. సూట్‌కేసు మంచం మీద పెట్టొద్దు. మన సన్నటి రెండు పిన్నుల ఛార్జర్ అక్కడి ప్లగ్గులో పడుతుంది, మూడు పిన్నులది పడదు.

రాత్రి పదకొండు దాటాక దీపం వెయ్యడం, స్పీకర్ పెట్టి ఇంటికి వీడియో కాల్ చెయ్యడం అక్కడ అస్సలు సహించరు. అప్పటికి మన ఊళ్ళో తెల్లవారుజాము అవుతుంది కాబట్టి, ఇంటివాళ్ళతో మాట్లాడాలంటే సాయంత్రమే కింద హాల్లో కూర్చుని మాట్లాడేయడం నయం.