చల్లదనానికి చక్రాలు కట్టిన కథ

ఏప్రిల్ వచ్చిందంటే పాలమూరు ప్రాంతంలోని కొల్లాపూర్ చుట్టుపక్కల తోటల్లో బేనిషాన్ మామిడి కోతలు ఊపందుకుంటాయి. కొమ్మ నుంచి తెగినంత మాత్రాన మామిడికాయ ప్రాణం పోదు. గాలి పీలుస్తూనే ఉంటుంది, లోపల వేడి పుట్టిస్తూనే ఉంటుంది. చుట్టూ ఉన్న వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ శ్వాస వేగం రెండింతలో మూడింతలో అవుతుంది. పాలమూరు ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లోనే మన కాయ కోతకు వస్తుంది. లారీ ఎక్కి సుమారు 180 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ చేరాలి, అక్కడి నుంచి ఉత్తరాది మార్కెట్లకు పోవాలి. కొల్లాపూర్‌కు ఈనాటికీ రైలు లేదు. దారిలో గడిచే ప్రతి గంటా కాయ వయసులోంచి పోయేదే.

ఆ వయసును దారిలో నిలబెట్టడం ఎట్లా? ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టిందే చల్లని రైలు వ్యాగన్. పుట్టి నూట డెబ్బై ఏళ్లు దాటింది. వెన్న, మాంసం, నారింజ, కోడి మాంసం, పాలు అన్నీ దానికి తలా ఒక పాఠం నేర్పాయి.

వెన్నతో మొదలు

1851లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర సరిహద్దున ఉన్న ఆగ్డెన్స్‌బర్గ్ నుంచి బోస్టన్ నగరానికి వెన్న పంపాల్సి వచ్చింది. రైలువాళ్లు ఒక చెక్క వ్యాగన్ తీసుకున్నారు. దాని రెండు పొరల గోడల మధ్య రంపపు పొట్టు నింపారు, లోపల ఐసు పెట్టారు. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి, పొట్టులో దాచి, ఎండాకాలం దాకా వాడుకోవడం అక్కడి జనానికి అలవాటే. ఆ అలవాటుకు చక్రాలు తగిలించారంతే. వెన్న చెడకుండా చేరింది.

మాంసం దగ్గరికి వచ్చేసరికి చిక్కులు మొదలయ్యాయి. ఐసుకు తగిలిన చోట మాంసం రంగు మారిపోయేది. ఐసుకు దూరంగా ఉన్నదానికి చల్లదనం అందేది కాదు. ఐసు ఎక్కడ పెట్టాలి, గాలి ఎటు నుంచి ఎటు తిరగాలి అన్నదే అసలు సమస్య అని అప్పుడు తెలిసింది.

1867లో డెట్రాయిట్‌కు చెందిన జె. బి. సదర్లాండ్ ఒక పేటెంట్ తీసుకున్నాడు. వ్యాగన్ రెండు చివరలా ఐసు అరలు, మధ్యలో సరుకు. వేడి గాలి పైకి పోయి ఐసు అరలోకి చేరుతుంది. అక్కడ చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. అడుగున పాకుతూ సరుకు మధ్యకు వచ్చి, వేడెక్కి మళ్లీ పైకి లేస్తుంది. మోటారు లేదు, ఫ్యాను లేదు. గాలి బరువే గాలిని తిప్పుతుంది. ఆ తరువాత దశాబ్దాల పాటు ఐసు వ్యాగన్లు చాలావరకు ఈ సూత్రం మీదే నడిచాయి.

మరుసటి ఏడాదే డెట్రాయిట్‌లోనే విలియం డేవిస్ అనే చేపల వ్యాపారి మరో తరహా వ్యాగన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మాంసం వ్యాపారి జార్జ్ హామండ్ దాన్ని వాడుకున్నాడు. అందులో మాంసాన్ని కప్పుకు కొక్కేలతో వేలాడదీసేవారు. రైలు మలుపు తిరిగినప్పుడల్లా ఆ బరువంతా ఒక్క పక్కకు ఊగేది. వ్యాగన్లు పట్టాలు తప్పాయి.

దీనికి విరుగుడు చికాగోలో దొరికింది. మాంసం వ్యాపారి గుస్తావస్ స్విఫ్ట్ లెక్క సూటిగా ఉంది. బతికున్న పశువును రైల్లో పంపితే దాని బరువులో సగానికి పైగా తినడానికి పనికిరానిదే, కిరాయి మాత్రం మొత్తానికీ కట్టాలి. కోసిన మాంసమే పంపాలని పట్టుబట్టి, 1878లో ఆండ్రూ చేజ్ అనే ఇంజనీరును పనిలో పెట్టుకున్నాడు. చేజ్ ఐసును పైకి చేర్చి, మాంసాన్ని కింద కదలకుండా సర్దే వ్యాగన్ గీశాడు. బరువు కిందికి దిగింది, ఊగడం ఆగింది, చల్లగాలి పైనుంచి దానంతట అదే జారింది. అయినా పెద్ద రైలు కంపెనీలు ఈ వ్యాగన్లను లాగడానికి ముందుకు రాలేదు. పశువుల వ్యాగన్ల మీద, దారిలోని పశువుల దొడ్ల మీద అవి అప్పటికే డబ్బు పెట్టి కూర్చున్నాయి. స్విఫ్ట్ తన సరుకును కెనడా మీదుగా పోయే గ్రాండ్ ట్రంక్ రైల్వే ద్వారా తూర్పు నగరాలకు చేర్చాడు.

నారింజ నేర్పిన పాఠం

పండ్ల కథ ఇంతకంటే లోతైనది. కాలిఫోర్నియా నారింజ దేశం ఒక చివర నుంచి మరో చివరకు పోవాలి. 1906లో రెండు పెద్ద రైలు కంపెనీలు కలిసి పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ అనే సంస్థను పెట్టాయి. అది వేల సంఖ్యలో ఐసు వ్యాగన్లు దింపింది. ఒక్కో వ్యాగన్‌లో దాదాపు ఐదు టన్నుల ఐసు పట్టేది. దారి పొడవునా ఐసు స్టేషన్లు ఉండేవి. అక్కడ వ్యాగన్ కప్పు ఎత్తుకు కట్టిన పొడుగాటి చెక్క ప్లాట్‌ఫారం మీద కూలీలు 136 కిలోల దిమ్మెలను లాక్కొచ్చి, ముక్కలు కొట్టి, కప్పు మూతల్లోంచి జారవిడిచేవారు.

ఈ సంస్థ రాకముందు నుంచే, ఐసు పెట్టి పంపినా నారింజ కుళ్లుతూ ఉండేది. తప్పు రైలుదని రైతులు, సరుకుదని రైలువాళ్లు వాదించుకున్నారు. అమెరికా వ్యవసాయ శాఖ 1904లో హెరాల్డ్ పావెల్ అనే పండ్ల శాస్త్రవేత్తను పంపింది. ఆయన వ్యాగన్లతో పాటు తోటలనూ చూశాడు. కాయ కోసే కత్తెర మొన తగిలి తొక్క మీద సన్నని గాట్లు పడుతున్నాయి. కూలీల గోళ్లు గుచ్చుకుంటున్నాయి. కాయలను పెట్టెల్లో పైనుంచి కుమ్మరిస్తున్నారు. కంటికి ఆనని ఆ గాయాల్లోంచే బూజు లోపలికి దిగుతోంది. గాయం లేకుండా జాగ్రత్తగా కోసిన కాయ అదే దూరం ప్రయాణించి చెక్కుచెదరకుండా చేరింది.

రెండో సంగతి కూడా ఆయన బృందమే చూపించింది. ఎండలో కాగిన కాయను వ్యాగన్‌లో పోస్తే, ఐసు బలమంతా ఆ తోట వేడిని లాగడానికే ఖర్చవుతుంది. కాయ గుజ్జు దాకా చల్లబడేసరికి రోజులు గడిచిపోతాయి. అందుకే కాయను ముందే చల్లబరిచి వ్యాగన్ ఎక్కించాలి. వ్యాగన్ పని చల్లదనాన్ని కాపాడడం. చల్లదనం పుట్టాల్సింది తోట దగ్గర. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అతి పెద్ద ఆవిష్కరణ ఇదే. దీనికి పేటెంట్ లేదు, యంత్రం లేదు. నారింజ రైతుల బతుకును మాత్రం ఇది మార్చేసింది.

యంత్రం ఎక్కింది

ఐసు పోయి యంత్రం రావడం వెనుక ఒక అనాథ బాలుడి జీవితం ఉంది. ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ 1893లో పుట్టిన నల్లజాతి అమెరికన్. పెద్ద చదువు లేదు. మోటారు షెడ్లలో పనిచేస్తూ, పుస్తకాలు చదువుకుంటూ తనంతట తానే ఇంజనీరయ్యాడు. మినియాపోలిస్‌లో జోసెఫ్ న్యూమెరో దగ్గర సినిమా హాళ్ల సౌండు పరికరాలు తయారుచేసేవాడు. న్యూమెరోకు తెలిసిన లారీల యజమాని ఒకాయన ఎండాకాలంలో ఒక లోడు కోడి మాంసం మొత్తం నష్టపోయాడు. ఐసు లేకుండా లారీని చల్లబరిచే యంత్రం కావాలన్నాడు.

అప్పటిదాకా అటువంటి ప్రయత్నాలు జరగకపోలేదు. ఇంట్లో కదలకుండా నిలబడే శీతల యంత్రం రోడ్డు కుదుపులకు విడిపోయేది. జోన్స్ ఆ కుదుపులను తట్టుకునేలా యంత్రాన్ని కుదించి, గట్టిగా బిగించి, 1938లో లారీకి అమర్చాడు. మొదట లారీ అడుగున పెట్టాడు. రోడ్డు దుమ్ము, బురద దాన్ని పాడుచేయడంతో ముందు భాగాన పైకి మార్చాడు. ఆ కంపెనీయే తరువాత థర్మో కింగ్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన యంత్రాలు రక్తాన్నీ మందులనూ చల్లగా కాపాడాయి. జోన్స్ పేరిట అరవైకి పైగా పేటెంట్లున్నాయి. 1991లో, ఆయన చనిపోయిన మూడు దశాబ్దాల తరువాత, అమెరికా తన జాతీయ టెక్నాలజీ పతకం ప్రకటించింది. ఆ పతకం అందుకున్న తొలి నల్లజాతీయుడు ఆయనే.

రైలు ఈ యంత్రం వైపు రావడానికి కారణం గడ్డకట్టిన నారింజ రసం. దానికి సున్నా కంటే చాలా దిగువన స్థిరమైన చలి కావాలి. ఐసుతో, ఉప్పుతో అది అయ్యే పని కాదు. 1940ల చివర్లో డీజిల్ ఇంజనుతో నడిచే శీతల వ్యాగన్లు పట్టాలెక్కాయి. 1970ల్లో ఐసు ప్లాట్‌ఫారాలు మూతబడ్డాయి.

ఎనభై ఏడో వంతు

ఈ మార్పంతా చేత్తో పట్టి చూడాలంటే రైలు నమూనాలు చేయాలి. ప్రపంచంలో ఎక్కువమంది చేసే కొలత 87లో ఒక వంతు. ఆ కొలతలో నలభై అడుగుల పాత ఐసు వ్యాగన్ 14 సెంటీమీటర్లు ఉంటుంది. 64 అడుగుల సరుకు గది ఉన్న నేటి శీతల వ్యాగన్ 22 సెంటీమీటర్లు దాటుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టండి. పాతదాని కప్పు మీద నాలుగు మూలలా నాలుగు మూతలుంటాయి. అవి ఐసు జారవిడిచే దారులు. కొత్తదాని కప్పు నున్నగా ఉంటుంది. ఆ మూతల పని ఇప్పుడు ఒక చివరనున్న జాలీ వెనుక జరుగుతోంది. అక్కడే డీజిల్ ఇంజను, కంప్రెసర్, ఫ్యాన్లు ఉంటాయి. అడుగున డీజిల్ ట్యాంకు వేలాడుతుంది.

నమూనా చేసేవాడికి అన్నింటికంటే ఓపిక పరీక్షించేది తలుపు. మామూలు గూడ్స్ వ్యాగన్ తలుపు పక్కకు జరుగుతుంది, సందులుంటాయి. శీతల వ్యాగన్ తలుపు ముందు బయటికి వచ్చి ఆ తరువాత పక్కకు జరుగుతుంది. మూసినప్పుడు గోడలోకి దిగి రబ్బరు అంచుతో బిగుసుకుంటుంది. దాన్ని బిగించే నిలువు కడ్డీలను స్టైరీన్ ప్లాస్టిక్ షీటు మీద వెంట్రుక మందాన అతికించాలి. ఒక్క కడ్డీ వంకరపోయినా తలుపు అబద్ధంగా కనబడుతుంది. గోడకు తెల్ల రంగు వేస్తాం, ఎందుకంటే అసలు వ్యాగన్‌కు ఎండను తిప్పికొట్టాల్సిన పని ఉంది. ఇంజను ఉన్న చివర మాత్రం పొగ మసిని పలుచగా పూస్తాం.

మన రైలుకు ఇట్లాంటి నమూనా చేయాలంటే మరో లెక్క తగులుతుంది. బజారులో దొరికే నమూనా పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది అమెరికా, యూరప్ పట్టాల కొలతకు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అందుకని పట్టాల దగ్గర్నుంచి మనమే వేసుకోవాలి.

రేణిగుంట పాలు, అనంతపురం పండ్లు

తెలుగు నేల మీద ఈ కథకు రెండు అధ్యాయాలున్నాయి. మొదటిది పాలది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే మామూలు రైళ్లు ఆగిపోయాయి. వాటికి తగిలించి ఢిల్లీకి పంపే పాల ట్యాంకర్లు రేణిగుంటలో చిక్కుకునే పరిస్థితి వచ్చింది. మార్చి 26 నుంచి పాల కోసమే దూద్ దురంతో పేరుతో ప్రత్యేక రైలు నడిచింది. ఒక్కో ట్యాంకర్‌లో 40,000 లీటర్లు, ఆరు ట్యాంకర్లు, దాదాపు 2,300 కిలోమీటర్ల దారి. ఈ ట్యాంకర్లలో శీతల యంత్రం ఉండదు. లోపల స్టీలు, చుట్టూ వేడి చొరబడని పొర, అచ్చం థర్మాస్ ఫ్లాస్కు మాదిరి. పాలను నాలుగైదు డిగ్రీలకు ముందే చల్లబరిచి నింపుతారు గనుక దారిలో చెడవు. పావెల్ నారింజ తోటలో చూపించిన సూత్రమే రేణిగుంటలో పాలను ఢిల్లీ చేర్చింది.

రెండోది పండ్లది. 2020-21 బడ్జెట్‌లో ప్రకటించిన కిసాన్ రైలు ఆ ఏడాది ఆగస్టు 7న మహారాష్ట్రలోని దేవ్‌లాలీ నుంచి బిహార్‌లోని దానాపూర్‌కు మొదలైంది. దక్షిణాదిలో మొదటిది సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శనగర్‌కు బయల్దేరింది. టమాటా, అరటి, బత్తాయి, బొప్పాయి, ఖర్బూజా, మామిడి అందులో వెళ్లాయి. సుమారు 40 గంటల ప్రయాణం. ఆ తరువాత కిరాయిలో సగం రాయితీ ఇచ్చారు. అయితే ఈ రైళ్లలో ఎక్కువ భాగం మామూలు పార్శిల్ వ్యాన్లే ఉండేవి. కపూర్తలా కోచ్ ఫ్యాక్టరీలో తయారైన, ఒక్కోటి 17 టన్నులు పట్టే శీతల వ్యాన్లు అప్పట్లో దేశం మొత్తానికి తొమ్మిదే. ఇక్కడ వేగమే చల్లదనం పని చేసింది.

కొల్లాపూర్‌కు కావలసింది

మామిడి విషయంలో ఇంకో మెలిక ఉంది. పాలకు సరిపోయే చలి మామిడికి పడదు. పచ్చి కాయను పది డిగ్రీల కంటే దిగువన రోజుల తరబడి ఉంచితే తొక్క మీద నల్లటి మచ్చలు వస్తాయి, కాయ సరిగా మాగదు, రుచి పోతుంది. దానికి తగిన చలి 12, 13 డిగ్రీలు. చేతికొచ్చిన పంటను మామూలు కోల్డ్ స్టోరేజీలో పడేస్తే కాపాడినట్టు కాదు. కోసేటప్పుడు తొడిమ కొంత ఉంచాలి, సొన తొక్క మీద కారకుండా బోర్లించి ఆరబెట్టాలి, చిక్కంలోంచి కాయ కింద పడకూడదు. 1904లో నారింజ తోటలో బయటపడిన నిజం మామిడి తోటలోనూ అంతే నిజం.

రైలు రావాలని కొల్లాపూర్ కోరుకోవడం న్యాయమే. కానీ ఈ చరిత్ర చెప్పే వరుస వేరు. ముందు గాయం లేని కోత, ఆ తరువాత తోటకు దగ్గరలో గ్రేడింగు షెడ్డు, కాయను గంటల్లో 13 డిగ్రీలకు దింపే చల్లగది, ఆపైన బండి. ఆ బండి లారీ అయినా, గద్వాలలోనో మహబూబ్‌నగర్‌లోనో ఎక్కే వ్యాగన్ అయినా, ఆ వరుస కుదిరితేనే చల్లదనం ఢిల్లీ దాకా నిలుస్తుంది. చల్లగది లేకుండా శీతల వ్యాగన్ వచ్చినా అది వేడి కాయను మోసే ఖరీదైన పెట్టె మాత్రమే అవుతుంది.

రైతు సంఘాలు, మార్కెట్ కమిటీలు, మన ప్రజాప్రతినిధులు రైలు గురించి అడిగినంత గట్టిగా ఆ చల్లగది గురించి అడగాలి. ఈ వేసవికి ముందే అడగాలి.