బడి పంతులు నిర్మించిన విజయయుగం
(హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర)

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు సేలం జిల్లాలో అంతర్భాగాలై ఉన్న రోజులవి. 1943లో, హోసూరుకు 40 కిలోమీటర్ల దూరాన ఉన్న బెంగుళూరులో, యాష్ గోల్డ్ కప్ ఫుట్‌బాల్ పోటీ జరిగింది. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఓడించి ఆ కప్పును గెలుచుకొన్నది. దక్కను పీఠభూమి నుండి వచ్చిన ఆ జట్టు పేరు అనతికాలంలోనే దేశమంతటా మారుమ్రోగింది.

ఆ కీర్తికి మూలపురుషుడు ఒక ఉపాధ్యాయుడు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. పిమ్మట కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలైన పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడ పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శియై, తుదిశ్వాస వరకు ఆ బాధ్యతను వహించారు. ఊరివారందరికీ ఆయన ‘రహీం సాహెబ్’.

తరగతిలో పాఠం చెప్పినట్లే ఆయన మైదానంలో ఆటను బోధించారు. కుడికాలితో మాత్రమే బంతిని తన్నగల బాలునికి ఎడమకాలి వాడకం అలవడుటకై, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టారు. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకొనే అలవాటు పోగొట్టుటకై, వెంటనే తోటివానికి అందించితీరవలసిన పోటీలు నడిపారు. లోపమున్నచోట మందలింపు కాదు, అభ్యాసమే మందు అన్నది ఆయన పద్ధతి.

1950లో డ్యూరాండ్ కప్ తుదిపోటీలో పోలీసు జట్టుకు ఎదురైనది కలకత్తా మోహన్ బగాన్. తొలి ఆట సమానంగా ముగియగా, మరల జరిగిన ఆటలో పోలీసు జట్టు విజయం సాధించింది. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదుకే దక్కింది. 1956, 1957 సంవత్సరాలలో హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచింది.

రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవారిలో అనేకులు నాడు ఉత్త కాళ్లతో ఆడారు. ఆ పరాభవం పాఠమైనది. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, భారతదేశం నాలుగవ స్థానంలో నిలిచింది. సికిందరాబాదు అమ్ముగూడలో పేద కుటుంబాన పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో సభ్యుడు. అతడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూ జట్లపై గోల్స్ సాధించాడు.

1962 జకార్తా నాటికి రహీం క్యాన్సర్ వ్యాధిగ్రస్తులు. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన జట్టు, తుదిపోటీలో అదే జట్టును 2–1తో జయించి స్వర్ణం తెచ్చింది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో ఆడించగా, అతడే ఒక గోల్ సాధించాడు. మరుసటి సంవత్సరం జూన్ 11న రహీం కన్నుమూశారు.

ఆయన నాటిన చెట్టు కొంతకాలం ఫలాలిచ్చింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కాని బలరాం వంటి ప్రతిభావంతులు అప్పటికే కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. పాఠశాలల నుండి పెద్ద జట్లకు బాలురను నడిపించే మార్గదర్శి కరవైనాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం 1962 తరువాత మన దేశానికి తిరిగి రాలేదు.

కప్పులు అద్దాల బీరువాలో భద్రంగా ఉంటాయి. విద్య మాత్రం ఒక తరం మరొక తరానికి అందించితేనే నిలుస్తుంది. హైదరాబాదు వైభవం రాజభవనంలో పుట్టలేదు, పాఠశాల ఆటస్థలంలో పుట్టింది. పరీక్షల తొందరలో ఆటల పీరియడును లెక్కల పీరియడుగా మార్చే ప్రతి పాఠశాలకు, అందుకు సంతోషించే ప్రతి తల్లికి, తండ్రికి ఈ చరిత్ర చేసే హెచ్చరిక ఇదే.