పేరెఱుగని కథకుడు



పిల్లలకొఱకు అద్భుత సాహస నవలలు వ్రాయువాడు ఎట్లు తయారగును? ఈ ప్రశ్నకు సమాధానముగా ఒక రచయిత చరిత్రమును నేడు మీకు మనవి చేసెదను. ఆయన నవలలను మీలో అనేకులు బాల్యమున చదివియే యుందురు. ఆయన పేరు మాత్రము ఆనాడు వినియుండరు.

నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జూలై మాసమున మద్రాసులో 'చందమామ' పత్రికను స్థాపించిరి. అది తెలుగు, తమిళములలో ఆరంభమై, పిదప అనేక భారతీయ భాషలకు వ్యాపించెను. గుంటూరు జిల్లావారగు దాసరి సుబ్రహ్మణ్యముగారు 1952లో ఆ కార్యాలయమున చేరిరి. అప్పటి కాయనకు ఇంచుమించు ఇరువది యేండ్లు. కొడవటిగంటి కుటుంబరావుగారును ఆ సంవత్సరముననే చేరి, 1980లో దివంగతులగువఱకు అచటనే పనిచేసిరి.

సుబ్రహ్మణ్యముగారి మొదటి ధారావాహిక 'తోకచుక్క' 1954లో ఆరంభమయ్యెను. అది మొదలు సుమారు పాతికేండ్లలో 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' మున్నగునవి మొత్తము 12 నవలలు వెలువడెను. వానికి 'చిత్ర' అను చిత్రకారుడు వేసిన బొమ్మలు మా కన్నులలో నేటికిని నిలిచియున్నవి.

ఇట్టి కథలు మనకు క్రొత్తవి కావు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీలలో మణిసిద్ధుడు గొల్లపిల్లవానికి మజిలీలలో కథలు చెప్పుచు నడచును గదా! చందమామ నవలకు నెల యొక మజిలీ. చందమామలో కథ ముగియకయే నెల గడువవలెను. వీరుడు లోయ యంచున వ్రేలాడుచుండగా, మేము ముప్పది దినములు ఎదురుచూచెడివారము. మా వీథి యరుగుమీద ఒకడు చదువగా పదిమంది వినెడివారు.

ఈ రచన తేలికయని నేనును యౌవనమున భ్రమించితిని. ఒక నవల మొదలుపెట్టి, తొలి ప్రకరణముననే ముగ్గురు మాంత్రికులను, ఇద్దరు రాక్షసులను, ఒక యెగురు గుఱ్ఱమును తెచ్చితిని. మూడవ ప్రకరణమున నాయకుడు గుహలో చిక్కుకొనగా, మంత్రము చదివించి విడిపించితిని. ఎనిమిదేండ్ల నా మేనల్లుడు విని, "మామయ్యా! ఆ మంత్రం ముందే చదివితే గుహలో పడేవాడే కాదుగా?" అని యడిగెను. నా కలము అచ్చటనే ఆగినది. ఆ నవల నేటికిని నా పెట్టెలో అసంపూర్ణముగనే యున్నది.

అప్పుడు 'శిథిలాలయం' మరల తీసి చదివితిని. శిఖిముఖి, విక్రమకేసరి అను యువకులను ఆపదలనుండి గట్టెక్కించునది మంత్రము కాదు. వారి ధైర్యము, బుద్ధి, స్నేహము. మాంత్రికులుందురు గాని, వారి శక్తికి హద్దు లుండును. హద్దులేని మాయయందు భయము లేదు. భయములేని చోట సాహసము లేదు. బాలుడు ఎంతటి వింతనైనను నమ్మును గాని, పొంతనలేని మాటను నమ్మడు. ఈ రహస్యము తెలిసి, దానిని నెలనెలా తప్పక పాటించినవాడే బాలల నవలాకారుడగును.

ఆ నవలలపై రచయిత పేరు అచ్చు వేసెడివారు కారు. చందమామయే తన కథలను తాను వ్రాసికొనునని మా యూరి పిల్లలము తలచెడివారము! అర్ధశతాబ్దికి మించి ఆయన ఆ పత్రికయందే పనిచేసిరి. చిన్ననాటి పాఠకులు పెద్దవారై, ఈ కథలు చెప్పినదెవరని వెదకి తెలిసికొనుసరికి ఆయన వృద్ధులైరి. 2010 జనవరిలో కాలధర్మము చెందిరి. చందమామయు నేడు వెలువడుట లేదు. ఆయన నవలలు కొన్ని మాత్రము గ్రంథరూపమున నిలిచినవి.

పెద్దలారా, మీ గ్రామములందును పేరెఱుగని కథకులు కలరు. నాకు మొదట కథ చెప్పినది మా తాతగారి పాలేరు. కథలు జ్ఞాపకమున్నవి, ఆయన యింటిపేరు నే నెన్నడును అడుగలేదు. నేడడుగుటకు ఆయన లేరు. కావున నేటి రాత్రి మీ మనుమలకు ఒక కథ చెప్పుడు. నడుమ వారు ప్రశ్నించిన కసరక సమాధానము వెదకుడు. పిదప ఆ కథను ఒక కాగితముపై వ్రాసి, మీకు దానిని చెప్పిన వారి పేరు క్రింద చేర్చుడు.