సంస్థ పేరు నమోదు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం
సంస్థ పేరు నమోదు అనేది భాగస్వామ్య వ్యాపారం పేరును 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం కింద సంస్థల రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించే ప్రక్రియ. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాలకూ ఇదే చట్టం వర్తిస్తుంది. 58వ సెక్షన్ ప్రకారం దరఖాస్తులో సంస్థ పేరు, ప్రధాన వ్యాపార స్థలం, ఇతర శాఖలు, భాగస్తుల పూర్తి పేర్లు, చిరునామాలు, వారు చేరిన తేదీలు, సంస్థ కాలపరిమితి ఉండాలి. భాగస్తులందరూ, లేదా వారు ప్రత్యేకంగా అధికారమిచ్చిన ఏజెంట్లు సంతకం చేయాలి. రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేనిదే ‘క్రౌన్’, ‘ఇంపీరియల్’, ‘రాయల్’ వంటి మాటలు పేరులో చేర్చరాదు. నమోదు తప్పనిసరి కాదు. అయితే నమోదు కాని సంస్థ రూ.100 మించిన ఒప్పంద బాకీకి బయటివారిపై దావా వేయలేదు (69వ సెక్షన్). అరువు మీద సరుకిచ్చే వర్తకులకు అన్నిటికన్నా కీలకమైన నిబంధన ఇదే. సంస్థ పేరు నమోదుతో సంబంధం లేకుండా, ధర్మవరం చేనేత పట్టు చీరలు, పావడాల పేరుకు 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కింద విడిగా రక్షణ ఉంది.