కంబారితనం నుంచి అడ్వాన్స్ దాకా: మన కొండల్లో వెట్టి చరిత్ర



1976లో పార్లమెంటు చేసిన వెట్టిచాకిరీ రద్దు చట్టంలో సెక్షన్ 2 తీసి చూడండి. ఈ చాకిరీకి దేశంలో ఎక్కడెక్కడ ఏ పేరు ఉందో అక్కడ వరసగా రాశారు. అందులో ‘వెట్టి’ ఉంది, ‘పాలేరు’ ఉంది, ‘జీతా’ కూడా ఉంది. మన తాతల బతుకు పేరుతో సహా ఢిల్లీ చట్టంలోకి ఎక్కింది. అక్కడిదాకా ఎలా వచ్చిందో మనం తెలుసుకోవాలి.

మన వైపు కంబారి, పాలేరు అన్నారు. పాడేరు, జయపురం వైపు గొత్తి అన్నారు. పద్ధతి మాత్రం ఒకటే. వానాకాలం ఇంట్లో గింజలు అయిపోతాయి. పోడు పంట చేతికి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. మామిడి టెంకల అంబలితో ఎన్నాళ్లని నెట్టుకొస్తారు? షావుకారు దగ్గర గింజలు తెస్తారు. వడ్డీ కింద చింతపండు, కరక్కాయ పోతాయి. అవి చాలకపోతే భూమి పోతుంది. భూమి కూడా అయిపోయాక మనిషే తాకట్టు. తండ్రి తీర్చలేకపోతే కొడుకు వెళ్లి పశువులు కాయాలి. లెక్క షావుకారు పుస్తకంలో ఉంటుంది, దాన్ని చదవడం మనవాళ్లకి రాదు.

ఇది సర్కారుకి తెలియక జరిగింది కాదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తెచ్చి, అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి బయటివాళ్లకి పోకూడదంది. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని కూడా అంది. 1940లో ఏజెన్సీలో అప్పు బానిసత్వం రద్దు అని ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల అమ్మకాన్ని, వెట్టిని నిషేధించింది. 1956లో గిరిజన సహకార సంస్థ, 1959లో భూబదలాయింపు రెగ్యులేషన్, 1960లో వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వచ్చాయి. ఇన్ని వచ్చినా కంబారి కంబారిగానే ఉన్నాడు. ఎందుకంటే ఆ కాగితాలు కొండెక్కి రాలేదు.

కొండమీద వాటి గురించి అడిగింది గిరిజన సంఘం. వెంపటాపు సత్యనారాయణ మాస్టారు, ఆదిభట్ల కైలాసం లాంటివాళ్లు ఊరూరా తిరిగారు. వెట్టి మానాలి, పాలేరు జీతం పెంచాలి, పోయిన భూములు తిరిగి రావాలి అన్నారు. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న మనవాళ్లపై లేవిడి దగ్గర భూస్వాముల కాల్పులు జరిగాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తర్వాత శ్రీకాకుళ పోరాటం ఎలా నడిచిందో అందరికీ తెలుసు. 1970లో 1/70 వచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనుడికి తప్ప ఇంకొకరికి అమ్మడం చెల్లదంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి, చట్టానికి బలం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

1975 అక్టోబర్‌లో ఆర్డినెన్సుగా వచ్చి, మరుసటి ఏడాది చట్టమైనది మొదట చెప్పిన రద్దు చట్టం. దాని ప్రకారం చాకిరీ అప్పు మొత్తం రద్దు. అది వెట్టి అప్పు కాదని అప్పిచ్చినవాడే రుజువు చేసుకోవాలి. నేరానికి 3 ఏళ్ల దాకా జైలు. రాష్ట్ర ప్రభుత్వం ప్రతి జిల్లాలో విజిలెన్స్ కమిటీ వెయ్యాలి, అందులో జిల్లాలో ఉండే ఎస్సీ, ఎస్టీలు ముగ్గురు ఉండాలి.

మరి ఇప్పుడు? షావుకారు స్థానంలో మేస్త్రి వచ్చాడు. పండక్కి ముందో, వానల్లోనో అడ్వాన్స్ ఇస్తాడు. చెన్నై, హైదరాబాద్ బిల్డింగ్ పనులకి, ఇటుక బట్టీలకి తీసుకెళ్తాడు. పనికి వెళ్లడం తప్పు కాదు, మన ఇళ్లు నడిచేదే ఆ డబ్బుతో. కానీ ఆధార్ లాక్కుని, ఫోన్ తీసుకుని, “అడ్వాన్స్ తీరేదాకా కదలొద్దు” అంటే అది కంబారితనమే. 1985లో చట్టానికి వివరణ చేర్చి వలస కూలీలకి, కాంట్రాక్టు కూలీలకి కూడా ఇది వర్తిస్తుందన్నారు. కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించడం కూడా నిర్బంధ చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. మోసంతో, బెదిరింపుతో మనుషుల్ని తరలిస్తే అది ట్రాఫికింగ్ నేరం. “ఇష్టపడే వచ్చాడు” అన్న మాట అక్కడ చెల్లదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. విడిపించాక ఊరికి బస్సెక్కించి పంపేస్తే సరిపోదు. విడుదల పత్రం తీసుకోవాలి. కేంద్ర పథకంలో తక్షణ సాయం 30,000 రూపాయల దాకా ఉంది. పునరావాసానికి మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకి, పిల్లలకి 2 లక్షలు, ట్రాఫికింగ్ లాంటి ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. పత్రం లేకపోతే ఇంటికొచ్చినవాడు మళ్లీ అదే మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటాడు. అప్పు రద్దయినా ఆకలి రద్దవదు కదా.

కాబట్టి మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఊరి నుంచి పనికి వెళ్లేవాళ్ల పేర్లు, మేస్త్రి పేరు, ఫోన్ నంబరు, వెళ్లే చోటు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టాలి. ఇబ్బంది వస్తే ఉచిత న్యాయ సహాయానికి 15100, పిల్లలైతే 1098. మన జిల్లా విజిలెన్స్ కమిటీలో ఆ ముగ్గురు ఎవరో సమాచార హక్కు కింద కలెక్టరేట్‌లో అడగాలి. తాతలకి షావుకారు పుస్తకం చదవడం రాలేదు. మనకి చట్టం చదవడం వచ్చు. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్‌లో మొదటి పేజీ రాసేద్దాం.