గబ్బిలమని పేరుపడిన ఆటబొమ్మ

ఎగురు వస్తువును చూచి దానివెంట పరుగెత్తని పిల్లవాడు అరుదు. తాటాకును మడిచి, తుమ్మముల్లుతో పుల్లకు గ్రుచ్చి, గాలికెదురుగా పరుగిడిన బాల్యము మన గ్రామసీమలనుండి వచ్చిన అనేకులకు జ్ఞాపకముండును. సంక్రాంతినాటి గాలిపటము సంగతి చెప్పనే యక్కరలేదు. పెద్దలకు ఇవి కేవలము కాలక్షేపములు. కాని ఆకాశయాన చరిత్రను తిరుగవేసి చూచినచో, ఇంజనుకన్న ముందు పిల్లల ఆటబొమ్మయే కనబడుచున్నది.

1878వ సంవత్సరమున శరదృతువు ముగియుచున్న దినములలో, అమెరికాలోని సీడర్ రాపిడ్స్ పట్టణమున, మిల్టన్ రైట్ అను క్రైస్తవ మతాచార్యుడు ఒకనాటి సాయంకాలము ఇల్లు చేరెను. చేతులలో సగము దాచి తెచ్చిన వస్తువును, పిల్లలు అదేమో తెలిసికొనకముందే, గాలిలోనికి వదలెను. క్రింద పడవలసిన ఆ వస్తువు పైకి లేచి, గది కప్పును తాకి, కొంతసేపు అచ్చటనే కొట్టుకొని నేలకు దిగినది. చూచుచున్న కుమారులలో విల్బర్‌కు 11 ఏండ్లు, ఆర్విల్‌కు 7 ఏండ్లు. వెదురు, బెండు, కాగితము, మెలిపెట్టిన రబ్బరు పట్టీ – ఆ బొమ్మలోని సరంజామా అంతయు ఇంతే. పిల్లలు దానికి గబ్బిలమని పేరు పెట్టిరి.

ఆ బొమ్మకు మూలపురుషుడు ఫ్రాన్సు దేశీయుడైన ఆల్ఫాన్స్ పెనో. 1850లో జన్మించిన ఇతడు తుంటి వ్యాధివలన నౌకాదళమున చేరజాలక, తన బుద్ధినంతయు ఆకాశయానమువైపు మరల్చెను. పక్షి ఈకలను బెండులో గ్రుచ్చి, వింటినారితో త్రిప్పి ఎగురవేయు బొమ్మలు అంతకుముందే యుండెను. 1784లో ఫ్రాన్సులో లోనోయ్, బియాన్‌వెన్యూ అనువారును, 1796లో ఇంగ్లండున జార్జి కేలీయును అట్టివి చేసిరి. పెనో 1870లో వింటికి బదులు మెలిపెట్టిన రబ్బరును వాడెను. మరుసటి ఏడు పారిస్ నగరపు ట్యూలరీ ఉద్యానవనమున అతడెగురవేసిన చిన్న విమానపు నమూనా 11 సెకండ్లలో సుమారు 40 మీటర్లు పోయినది. 1876లో పెద్ద విమానమునకే రూపకల్పన చేసి పేటెంటు పొందెను గాని, దానిని నిర్మించుటకు ధనసహాయము చేయువారు లేకపోయిరి. విసిగి వేసారి, 1880లో, ముప్పది యేండ్ల ప్రాయమున ఆత్మహత్య చేసికొనెను. తన బొమ్మ సముద్రము దాటి ఏ యింటికి చేరినదో అతనికి తెలియదు.

రైట్ పిల్లలు ఆ బొమ్మ విరుగువరకు ఆడుకొని, విరిగినపిదప తామే చేయ మొదలిడిరి. ఇచ్చట వారికొక చిక్కు వచ్చినది. చిన్నవి చక్కగా ఎగిరెను. పెద్దవి చేసినకొలది ఎగురుట తగ్గెను. కారణము వారికి బోధపడలేదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును రెండింతలైనచో బరువు ఎనిమిదింతలగును. దానిని మోయు రెక్కల వైశాల్యమో నాలుగింతలే యగును. రెండింతల యంత్రమునకు ఎనిమిదింతల శక్తి కావలెనని తమకు అప్పుడు తెలియదని ఆ సోదరులు పెద్దవారైన తరువాత వ్రాసికొనిరి. తెలియకపోయినను, చేసి చూచి ఓడినందువలన ఆ ప్రశ్న వారి మనస్సులో నిలిచినది. పిల్లవానికి జవాబు ముందే చెప్పివేయు తండ్రులు ఈ విషయమును గమనింపవచ్చును.

తల్లి సుసాన్ పాత్రయు స్వల్పమైనది కాదు. బండ్లు చేయువాని కుమార్తెయగు ఆమె పనిముట్లు పట్టుటలో నేర్పరి. పిల్లలకు మంచుమీద జారు బండిని స్వయముగా చేసి యిచ్చెను. 1889లో క్షయవ్యాధితో మరణించుటచే కుమారుల విజయమును చూడజాలకపోయెను.

పిదప సోదరులు గాలిపటములకు దిగిరి. పెద్దవారమైతిమి, ఇది తగదని వానినిగూడ మానివేసిరి. ముద్రణాలయము, సైకిళ్ల దుకాణము వారి వృత్తులైనవి. 1896లో జర్మను సాహసి లిలియెంథాల్ గ్లైడరునుండి పడి మరణించిన వార్త వారి పాత కుతూహలమును మేల్కొల్పెను. 1899లో సైకిలు ట్యూబు వచ్చిన అట్టపెట్టెను చేతితో మెలిపెట్టుచుండగా, రెక్కలనుగూడ ఇట్లే మెలిపెట్టి విమానమును అదుపులో నుంచవచ్చునని విల్బర్‌కు తోచెను. ఆ యూహను పరీక్షించుటకు అతడు చేసినది, విడిచిపెట్టిన గాలిపటమునే! అయిదడుగుల రెక్కలుగల దానిని డేటన్ పట్టణపు వెలుపల ఎగురవేయగా, చూడవచ్చినవారు చిన్నపిల్లలే. ఒకసారి అది చివాలున క్రిందికి దూకగా వారు బెదరి నేలమీద బోర్లపడిరట.

తరువాతి కథ లోకవిదితమే. 1903 డిసెంబరు 17న తొలి ప్రయత్నమున 12 సెకండ్లు, 120 అడుగులు. ఆనాటి నాలుగవదియు చివరిదియునగు ప్రయత్నమున 59 సెకండ్లు, 852 అడుగులు. ఎనిమిదేండ్లైనను నిండకముందే, 1911 ఫిబ్రవరి 18న, మన అలహాబాదునుండి నైనీకి ఆంరీ పెకే అను ఫ్రెంచి వైమానికుడు తపాలా మూటను విమానముపై మోసికొనిపోయెను. తపాలాశాఖవారు సగర్వముగా చెప్పుకొనదగిన ముచ్చట యిది.

ఇక ఆ బొమ్మ తెచ్చిన తండ్రి మాట మిగిలినది. ఒకే ప్రమాదమున ఇద్దరిని పోగొట్టుకొనవలసి వచ్చునేమో యను భయముచే, సోదరులిరువురును కలిసి ఎగురరాదని మిల్టన్ రైట్ ఏనాడో మాట పుచ్చుకొనెను. 1910 మే 25న డేటన్ సమీపమున ఆ నియమమును ఒక్కసారికి సడలించెను. అన్నదమ్ములు ఒకే విమానమున కూర్చుండి ఎగిరిన దినము వారి జీవితమున అదొక్కటే. అదే దినమున ఆర్విల్ తండ్రిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పైకి లేచెను. వృద్ధునకు అప్పుడు 81 ఏండ్లు. విమానము సుమారు 350 అడుగుల ఎత్తున పోవుచుండగా, ఆయన కుమారుని చెవివైపు వంగి, ఇంకను పైకి, ఇంకను పైకి పోనిమ్మని కోరెను. వారు క్రిందికి దిగుసరికి ఏడు నిమిషములు కావచ్చినది.